కూతవేటు దూరం

టేపులూ స్కేళ్ళూ రాకముందు మనిషి దూరాన్ని తన ఒంటితోనే కొలుచుకున్నాడు. నాలుగు వేళ్ళు దగ్గరగా చేర్చి పెడితే బెత్తెడు. అరచెయ్యి బార్లా చాపితే బొటనవేలి కొస నుంచి చిటికెనవేలి కొస దాకా జానెడు. మోచేతి నుంచి నడిమివేలి కొస దాకా మూర. రెండు చేతులూ చాపితే బారెడు. మా పాలకొల్లు క్షీరారామం గుడి ముందు పూలమ్మే ఆడవాళ్ళ దగ్గర ఇవాళ్టికీ ఈ లెక్కే నడుస్తోంది. సెంటీమీటర్ల స్కేలు పట్టుకెళ్ళి మల్లెపూలు కొన్నవాళ్ళని నేనింతవరకూ చూడలేదు. కాకపోతే అమ్మే ఆవిడ చెయ్యి పొట్టిదైతే మన జడకి కాస్త నష్టం. అంతే.

చెయ్యి చాలనంత దూరం వచ్చేసరికి మనవాళ్ళు కాళ్ళనీ, కళ్ళనీ, గొంతునీ వాడుకున్నారు. నడిచి కొలిస్తే కోసు, ఆమడ. కోసంటే రమారమి రెండు మైళ్ళనీ, ఆమడంటే ఎనిమిది మైళ్ళనీ పెద్దలు చెప్పే లెక్క. కంటితో కొలిస్తే కనుచూపు మేర. కాలినడకన వచ్చేవాళ్ళకి క్షీరారామం పెద్దగోపురం కంటబడిందంటే పాలకొల్లు వచ్చేసినట్టేనట. తొమ్మిది అంతస్తుల గోపురం, 120 అడుగుల ఎత్తు మరి! ఇక గొంతుతో కొలిచేది కూతవేటు. నేను రాయబోయేది ఈ మూడోదాన్ని గురించే. అయితే దాని దగ్గరికి నేను తిన్నగా వెళ్ళలేదు. ఒక ఇంగ్లీషు మాట వెంటబడి వెళ్ళాను.

ఆ మాట ‘ఎ స్టోన్స్ త్రో’. రాయి విసిరితే పడేంత దూరం అని అర్థం. ఇంటర్మీడియట్ నుంచీ ఇది మమ్మల్ని వదలకుండా తరుముతోంది. ‘సొంత వాక్యంలో ప్రయోగించుము’ అన్న ప్రశ్న కింద ఏటా ఎక్కడో ఒకచోట ప్రత్యక్షమవుతుంది. మా ఇంగ్లీషు మాస్టారు దీన్ని చెప్పిన పద్ధతి వేరు. బోర్డు మీద అర్థం రాసి ఊరుకోకుండా, ఒక్కొక్కళ్ళని లేపి వాక్యం చెప్పమన్నారు. మొదటి వాడు లేచి, “మై హౌస్ ఈజ్ ఎ స్టోన్స్ త్రో ఫ్రమ్ ది కాలేజ్” అన్నాడు. వాక్యంలో తప్పేం లేదు. తప్పల్లా ఏమిటంటే అతను రోజూ నరసాపురం నుంచి వస్తాడు. అది పది కిలోమీటర్లు. మాస్టారు కళ్ళజోడు సర్దుకుని, “బాబూ, నువ్వు విసిరిన రాయి రైలెక్కి వచ్చిందా?” అన్నారు. ఆ రోజు నుంచి అతనికి క్లాసులో ‘రాయి’ అనే పేరు ఖాయమైపోయింది.

ఆ ఒక్క గంటలో మాస్టారు చెప్పిన సంగతులు నాకింకా గుర్తున్నాయి. ‘స్టోన్ త్రో’ అనకూడదు, ‘స్టోన్స్’ అనాలి, అది రాయి తాలూకు విసురు. ముందు ‘ఎ’ మరిచిపోకూడదు. ‘వితిన్’ తగిలిస్తే అంత దూరం లోపలే అని. ‘ఓన్లీ’యో ‘జస్టో’ తగిలిస్తే చెప్పేవాడు మనల్ని ఒప్పించాలని చూస్తున్నాడని. మామూలుగా దానికి అంకె తగిలించరు. రెండు రాళ్ళ దూరం, మూడు రాళ్ళ దూరం అని లెక్క పెట్టరు. “ఎందుకంటే అది కొలత కాదు, భరోసా” అన్నారు మాస్టారు. ఇల్లు అద్దెకిచ్చేవాడు, స్థలం అమ్మేవాడు, హోటలు నడిపేవాడు ఈ మాటని అంతగా ప్రేమించడానికి కారణం అదే. బస్టాండు స్టోన్స్ త్రో, రైల్వే స్టేషను స్టోన్స్ త్రో, స్కూలు స్టోన్స్ త్రో. ఈ లెక్కన ఆ ఇంటిచుట్టూ ఎన్ని రాళ్ళు పడుతుంటాయో ఆలోచించుకోండి!

ఆ సాయంత్రం ఇంటికొచ్చి మా మామ్మకి ఈ సంగతంతా చెప్పాను. మామ్మంటే మా నాన్నగారి తల్లి. ఎనభై ఏళ్ళుంటాయి. బడి మొహం చూడలేదు గానీ, మాట పట్టుకోవడంలో మా మాస్టారికి తీసిపోదు. అంతా విని, “దగ్గరని చెప్పడానికి రాయెందుకే? ఎవరి మీద వేస్తారూ?” అంది.

“ఎవరి మీదా వెయ్యరు మామ్మా, ఊరికే లెక్క.”

“మనకి కూతవేటు లేదేంటి? కూతేస్తే సరిపోయేదానికి రాళ్ళుచ్చుకోవడం దేనికీ?”

నవ్వేశాను గానీ ఆ మాట నా బుర్రలో దిగబడిపోయింది. మర్నాటి నుంచీ లైబ్రరీలో కూర్చుని నిఘంటువులు తిరగెయ్యడం మొదలెట్టాను.

ఇంగ్లీషువాళ్ళని మరీ అనడానికి లేదు. రాయి ఒక్క వాళ్ళ సొత్తే కాదు. జర్మన్లకీ ఫ్రెంచివాళ్ళకీ కూడా రాయి విసురు ఉంది. జర్మన్లకి దాంతోపాటు ‘పిల్లి గెంతు’ అని మరొకటి ఉంది. పిల్లి ఒక్క గెంతు గెంతితే చేరే దూరమన్నమాట. లూకా సువార్తలో ఏసుక్రీస్తు శిష్యులను విడిచి ప్రార్థనకు వెళ్ళింది రాయి విసిరేంత దూరమే. తెలుగు బైబిల్లో దాన్ని ‘రాతివేత దూరము’ అన్నారు. చర్చికి వెళ్ళే మా స్నేహితురాళ్ళందరికీ ఆ మాట తెలుసు. అయినా వాళ్ళలో ఎవ్వరూ మా ఇల్లు రాతివేత దూరమని చెప్పగా నేను వినలేదు. గ్రంథంలో ఉన్న మాట నోట్లోకి రాలేదు. ఆ చోటు అప్పటికే కూతవేటుది మరి.

ఇంకో వింత చూడండి. తమిళులు ‘కూప్పిడు దూరం’ అంటారు, పిలిచేంత దూరమని. కన్నడిగులు ‘కూగళతె’ అంటారు, అంటే కేక కొలత. మలయాళీలు ‘విళిప్పాడు’ అంటారు, అదీ పిలుపే. మన నాలుగు భాషలవాళ్ళూ కూడబలుక్కున్నట్టు దగ్గరితనాన్ని గొంతుతోనే కొలిచారు. ఇంగ్లీషులోనూ ‘ఇయర్‌షాట్’ అని ఒకటుంది. చెవి వేటు అనుకోవచ్చు. బాణం వెళ్ళేంత దూరాన్ని ‘బోషాట్’ అన్నట్టే, చెవికి అందేంత దూరాన్ని ఇలా అన్నారు. మన ‘వేటు’ కూడా అలాంటిదే. తుపాకి వేటు, కత్తి వేటు అన్నప్పటి వేటే ఇదీ. కాకపోతే ఇక్కడ విసిరేది గొంతు. ఇంగ్లీషువాడు వినేవాడి చెవి దగ్గర నిలబడి కొలిచాడు. మనం పిలిచేవాడి నోటి దగ్గర నిలబడి కొలిచాం.

ఇంతకీ కూతవేటు ఎంత? సైన్సు చదివే మిత్రులు వెంటనే కాగితం కలం తీస్తారు. ధ్వని గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. ఏటికి అవతల మనిషి 340 మీటర్లలో ఉన్నాడనుకోండి, మన కేక చేరడానికొక సెకను, జవాబు రావడానికొక సెకను. కానీ ఎంత దూరం వినపడుతుందన్నది ఆ లెక్కకి అందదు. గాలి ఎటు వీస్తోంది? తెల్లవారుజామా, మిట్టమధ్యాహ్నమా? మధ్యలో నీళ్ళున్నాయా, కొబ్బరితోపుందా? పిలిచేది ఎవరు? మా మామ్మ పడుచుకాలంలో కాలవగట్టున నిలబడి కూతేస్తే చేలో ఉన్న మా తాతగారు నాగలి ఆపేసేవారట. అదే కూత నేను వేస్తే పక్క గదిలో తమ్ముడు కూడా పలకడు.

నాగలంటే గుర్తొచ్చింది. మన పెద్దలు ఇప్పటికీ వాడే ‘ఫర్లాంగు’ కూడా నాగలి మాటే. ఇంగ్లండులో నాగటిచాలు పొడవుని అలా అన్నారు. మైలులో ఎనిమిదో వంతు, మన లెక్కలో సుమారు 200 మీటర్లు. మైలు రోమనుల వెయ్యి అంగల నుంచి వచ్చింది. మన దేశంలో 1956లో చట్టం చేసి 1958 నుంచి దశలవారీగా మీటర్లూ కిలోలూ తెచ్చారు. రోడ్డు పక్క రాళ్ళ మీద మైళ్ళు పోయి కిలోమీటర్లొచ్చాయి. అయినా పత్రికలవాళ్ళకి ఇప్పటికీ ఎవరేం సాధించినా ‘మైలురాయి’ దాటినట్టే. భూమి కొనేటప్పుడు ఇప్పటికీ ఎకరాలూ సెంట్లే. ప్రభుత్వం కొలతల్ని మార్చగలిగింది గానీ మాటల జోలికి పోలేకపోయింది.

కోసు పోయింది. ఆమడ మిగిలింది గానీ పూర్తిగా వేషం మార్చేసింది. “వాడంటే నేను ఆమడ దూరం” అంటాం. అంటే ఎనిమిది మైళ్ళని కాదు, పడదని. కూతవేటుకి పట్టిన గతి ఇంకా విచిత్రం. ఇప్పుడది ఎక్కువగా పత్రికల నేరవార్తల్లో కనిపిస్తుంది. పోలీసు స్టేషనుకు కూతవేటు దూరంలో దొంగతనం. ఆసుపత్రికి కూతవేటు దూరంలో ప్రాణం పోయిన మనిషి. ఆఫీసుకు కూతవేటు దూరంలో చెత్తకుప్ప. ఎవరో పలకవలసిన చోట పలకలేదని ఎత్తిపొడవడానికి ఆ మాట వాడుతున్నారు. రాయి విసురులో ఆ ఎత్తిపొడుపు అంతగా లేదు. రాయి పడ్డాక ఎవరూ జవాబివ్వక్కర్లేదు. కూతకి జవాబు కావాలి.

దూరం విషయంలో మా గోదావరి జిల్లాల మర్యాద గురించి ఒక్క మాట చెప్పకపోతే లోటు. కొత్తవాళ్ళెవరైనా దారడిగితే మేం అంకె చెప్పం. “ఎంతండీ, ఎంతో లేదండి. ఇలా ఎల్తే అలా వచ్చేత్తదండి, ఆయ్” అంటాం. పాపం ఆయన నమ్మి నడక మొదలెడతాడు. అరగంటయ్యాక ఇంకొకర్నడిగితే, “వచ్చేసినట్టేనండి, ఇంకెంతండి” అంటారు. మోసం చెయ్యాలని కాదు. అలసిన మనిషికి దూరమని చెప్పడానికి నోరు రాదు. మా మాస్టారు చెప్పిన భరోసా ఇదేనేమో.

సరే, మళ్ళీ మామ్మ దగ్గరికొద్దాం. ఆవిడ నోట కూతవేటు అంత చటుక్కున రావడానికి కారణముంది. అది మా ఇంట్లో అందరికీ తెలిసిన కథే. నేను మాత్రం మొన్నటిదాకా దాన్ని వరద కథగానే విన్నాను, దూరం కథగా వినలేదు.

మాకు వశిష్ఠ గోదావరి దగ్గర. అందులో లంకలున్నాయి. ఏటి మధ్య ఒండ్రు మేట వేసి లేచిన నేలలు. అరటి, కొబ్బరి, కూరగాయలు. బంగారం పండుతుంది. జిల్లా మ్యాపులో ఒక గట్టుకి చెందిన ఊరు, దారి మాత్రం రెండో గట్టుకి. మా యలమంచిలి మండలంలోని కనకాయలంక ఉంది చూశారూ, లెక్కకది పశ్చిమ గోదావరిదే. కాజ్‌వే ఉన్నది మాత్రం అవతల కోనసీమలో చాకలిపాలెం వైపు. గోదావరి పొంగితే ఆ కాజ్‌వే మునుగుతుంది, అప్పుడింక పడవే గతి. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు ఇలాంటి లంకలన్నీ నీళ్ళలో ఉండిపోయాయి.

మా పెద్దత్తయ్యని 1985లో అలాంటి ఒక లంక ఊరికే ఇచ్చారు. మామ్మకి మొదట ఇష్టం లేదట. ఏరు దాటాలి, పడవ ఎక్కాలి, రాత్రయితే రాకపోకలుండవు. సంబంధం తెచ్చిన పెద్దమనిషి ఒకే ఒక్క మాటతో ఒప్పించాడు. “అమ్మా, మీ అన్నగారిది గట్టుమీద ఇల్లేగదా. ఆయన దొడ్లో నిలబడి కూతేస్తే మీ అమ్మాయి అత్తారింట్లోంచి పలుకుద్ది.” నిజమే. మధ్యలో ఉన్నది చిన్న పాయ. ఎండాకాలంలో మోకాలి లోతు. మామ్మ నెలకోసారి బస్సులో వాళ్ళన్నయ్య ఇంటికెళ్ళేది. దొడ్లోకెళ్ళి పేరు పెట్టి పిలిచేది. అవతల కొబ్బరిచెట్ల సందులోంచి “ఓయ్ అమ్మా” అని వచ్చేది. పడవవాడు ఖాళీగా ఉంటే తీసుకొచ్చేవాడు. లేకపోతే ఒడ్డున నిలబడే తల్లీ కూతుళ్ళు కూర ఏం వండారో కూడా చెప్పేసుకునేవారట. ఊరందరికీ వినపడేదట కూడా.

1986 ఆగస్టులో వరదొచ్చింది. 16వ తేదీన ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటింది. 1953 నాటి వరదని మించిపోయింది. పెద్దత్తయ్యకప్పుడు ఆరో నెల. మామ్మ కబురు వినగానే బయలుదేరి అన్నగారింటికి చేరింది. దొడ్డి లేదు, పాయ లేదు. ఏటిగట్టు మీద నిలబడితే కనుచూపు మేరా ఎర్రనీళ్ళు. అత్తయ్య వాళ్ళ ఊరు ఎక్కడుండాలో అక్కడ కొబ్బరిచెట్ల మొవ్వులు మాత్రం కనిపిస్తున్నాయి. ఆవిడ పిలిచింది. మూడు రోజులు పిలిచింది. వరద హోరులో తన గొంతు తనకే వినపడలేదంటుంది. మూడో నాటికి గొంతు పోయింది. నాలుగో రోజున పడవ మీద వచ్చినవాళ్ళు చెప్పారు, ఆ ఊళ్ళో వాళ్ళు ఎత్తయిన డాబా మీదెక్కి ఉన్నారు, కడుపుతో ఉన్న పిల్ల క్షేమంగా ఉందని.

“ఊరెక్కడికీ పోలేదు. నేనూ అక్కడే నిలబడ్డాను. అయినా ఆ మూడు రోజులూ అది దుబాయంత దూరం జరిగిపోయిందే” అంది మామ్మ, మొన్న నేను గుచ్చిగుచ్చి అడిగితే.

నవంబరులో పుట్టిన ఆ పిల్లే మా వదిన. మామ్మ ముద్దుగా ‘వరద పిల్ల’ అంటుంది. ఇప్పుడామె కువైట్‌లో ఉంది. మా ప్రాంతం నుంచి గల్ఫుకి వెళ్ళిన ఆడవాళ్ళు ఇంటికొకరని చెప్పను గానీ వీధికిద్దరు ముగ్గురు తప్పకుండా ఉంటారు. పాలకొల్లు, నరసాపురం, ఆచంట, రాజోలు ఎటు చూసినా కువైట్, మస్కట్, దుబాయ్ పేర్లు ఇరుగుపొరుగు ఊళ్ళ పేర్లంత మామూలుగా వినపడతాయి. వదిన అక్కడొక ఇంట్లో పనిచేస్తుంది. ఆ డబ్బుతోనే లంకలో ఇల్లు మెరక చేసి కట్టారు, పిల్లలు చదువుకుంటున్నారు. అక్కడి గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనక. మన రాత్రి పదిన్నరకి ఆమెకి పని తెములుతుంది. అప్పుడు ఫోన్ చేస్తుంది. మొహం కనిపిస్తుంది, గొంతు పక్కనుండి మాట్లాడినట్టే ఉంటుంది. మామ్మ మాత్రం ఏటిగట్టు మీద నిలబడ్డట్టే అరుస్తుంది. మెల్లగా మాట్లాడు మామ్మా అంటే, “అంత దూరం ఎల్లాలి గదే” అంటుంది.

నేనొకసారి తెలివిగా, “మూడు వేల కిలోమీటర్ల పైనున్న వదిన నువ్వు పిలిస్తే పలుకుతోంది. అంటే కువైట్ మనకి కూతవేటేగదా మామ్మా?” అన్నాను. నా తెలివికి మెచ్చుకుంటుందనుకున్నాను.

ఆవిడ తలూపింది, కాదన్నట్టు. “కూతవేటంటే వినపడే దూరం కాదే పిచ్చిదానా. వినపడితే వచ్చే దూరం.”

నేను తిరగేసిన ఏ నిఘంటువులోనూ ఈ అర్థం లేదు. గత వేసవిలో మాత్రం మా దొడ్లోనే దానికి రుజువు దొరికింది.

ఆ రోజు అమ్మా నాన్నా పెళ్ళికెళ్ళారు. నేను కాలేజీలో ఉన్నాను. పగలు పదకొండు గంటలు. మామ్మ దొడ్లో కుళాయి దగ్గర నాచు మీద కాలు జారి పడింది. మణికట్టు విరిగింది. లేవలేకపోయింది. పిలిచింది. మా పక్కిల్లు మా గోడకి ఆనుకునే ఉంది. ఇరవై అడుగులుండదు. నా చిన్నప్పుడు మధ్యలో తాటాకు దడి ఉండేది. ఆ దడి సందులోంచే పప్పూ చారూ అటూ ఇటూ నడిచేవి. ఇప్పుడు ఆరడుగుల గోడ. వాళ్ళకీ మాకూ కూడా ఏసీలు, అద్దాల కిటికీలు, లోపల టీవీ. వాళ్ళు ఇంట్లోనే ఉన్నారు. వినపడలేదు. వాళ్ళ తప్పేమీ లేదు. మా ఇంట్లో తలుపులేసుకుని కూర్చుంటే వాళ్ళ కేక మాకూ వినపడదు.

అరగంట తర్వాత ఆకుకూరలమ్మే ఆవిడ మా వీధిలోకొచ్చింది. “తోటకూరా, గోంగూరా, పాలకూరా” అని కూతేసుకుంటూ వచ్చింది. కూత మీద బతికే మనిషి గనక జవాబు కోసం చెవి ఒగ్గి ఉంటుంది. ఏ ఇంట్లోంచి ఎవరు “ఆగమ్మా” అంటారోనని. మా గేటు ముందు ఆగి ఇంకోసారి కూసిందట. దొడ్లోంచి సన్నగా ఏదో వినపడింది. గంప దింపి, గేటు తీసుకుని, ఇంటి పక్క సందులోంచి దొడ్లోకొచ్చింది. తరవాత పక్కింటివాళ్ళని తలుపు కొట్టి పిలిచింది కూడా ఆవిడే. పక్కింటి మామయ్యగారు ఆ ఎండలో మామ్మని కారులో ఆసుపత్రికి తీసుకెళ్ళారు. మేం చేరేసరికి కట్టు కట్టడం కూడా అయిపోయింది.

ఆ రాత్రి వదిన ఫోన్ చేసింది. ఏడ్చింది. “అమ్మమ్మా, నేనుంటే” అని అంటూ ఆగిపోయింది. మామ్మ కట్టుకట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, “వినపడతందా? ఏడవకు. వినపడతందా?” అని అరుస్తూనే ఉంది. వినపడుతోంది. రావడానికి మాత్రం దారి లేదు. మామ్మ మాటకి అర్థం నాకు అప్పుడు తెలిసింది.

వారం తిరక్కుండా పక్కింటి మామయ్యగారు మేస్త్రీని వెంటబెట్టుకుని మా ఇంటికొచ్చారు. “నాకు ఆ రోజు నుంచీ నిద్ర పట్టడం లేదయ్యా. ఇరవై అడుగుల్లో ఉండి వినపడలేదంటే...” అని మా నాన్నగారితో అని, గోడకి దిడ్డి పెట్టిద్దామన్నారు. రెండున్నర అడుగుల వెడల్పు. చిన్న ఇనప తలుపు. గొళ్ళెం రెండు వైపులా తీసుకోవచ్చు. ఇప్పుడు రోజూ పొద్దున్నా సాయంత్రం పిన్నిగారు ఆ దిడ్డిలోంచి ఒకసారి తొంగిచూస్తారు. మామ్మ మాట్లాడుతూనే ఉంటుంది గనక ఆవిడకి తిరిగెళ్ళడం కష్టమవుతోంది, అది వేరే సంగతి. గోంగూర పప్పు గిన్నె మళ్ళీ అటూ ఇటూ నడుస్తోంది.

ఇదంతా ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, నా డిగ్రీ ఈ ఏడుతో అయిపోతోంది. పీజీ చదవడానికి విశాఖపట్నం వెళ్ళాలని నా కోరిక. సుమారు రెండు వందల యాభై కిలోమీటర్లు. ఇంట్లో ఇంకా ఏదీ తేలలేదు. నాన్నగారు భీమవరంలో ఏదైనా చూసుకోమంటున్నారు. రోజూ వెళ్ళి రావచ్చని, మామ్మ దగ్గర మనిషుండాలని. ఆయన మాటలో న్యాయముంది. నా కోరికలో కూడా ఉందనుకుంటున్నాను. ఈ తగువు ఏ కొలబద్దతోనూ తేలేది కాదు. మామ్మనే అడిగాను. వెళ్ళమంది. “నేను కూతేస్తే నువ్వు రాలేవు, తెలుసు. ఎవరొస్తారో చూసి ఎల్లు” అంది. అందుకే వెళ్ళేలోగా నేను చెయ్యవలసిన పనులు కొన్ని రాసుకున్నాను. ఆకుకూరల ఆవిడ ఫోన్ నంబరు మామ్మ ఫోనులో మొదటి మీట మీద పెట్టాలి. కుళాయి దగ్గర నాపరాళ్ళు తీయించి గరుకు రాళ్ళు వేయించాలి. దిడ్డి గొళ్ళేనికి నూనె రాయాలి. ఇవన్నీ అయితే వెళ్తానో, అయినా వెళ్ళలేనో ఇప్పుడే చెప్పలేను.

మిత్రులారా, పరీక్షలయ్యాక మనం తలో దారి పడతాం. హైదరాబాదు, బెంగుళూరు, గల్ఫు, అమెరికా. ఫోన్ నంబర్లు మార్చుకున్నాం, గ్రూపు పెట్టుకున్నాం. అందరం అందరికీ వినపడుతూనే ఉంటాం. మంచిదే. కానీ మనలో ఎవరికి ఎవరు కూతవేటులో ఉంటారో ఒక్కసారి లెక్క చూసుకోండి. మనం వదిలి వెళ్తున్నవాళ్ళకి ఎవరుంటారో కూడా చూసుకోండి. మనం వెళ్ళి చేరే కొత్త వీధుల్లో కూడా ఎవరి మామ్మో ఒకావిడ ఉంటుంది. ఆవిడ మనవరాలు ఏ కువైట్‌లోనో ఉండి ఉంటుంది.

పరీక్షలో మాత్రం స్టోన్స్ త్రో అనే రాయండి, మార్కులు దానికే. ముందు ‘ఎ’ మరిచిపోకండి. నరసాపురం వాళ్ళు ఆ వాక్యం జోలికి పోకండి. ఇంట్లో ఉన్నప్పుడు మాత్రం బయట ఎవరో పిలిచినట్టనిపిస్తే, టీవీ కాస్త తగ్గించి ఒకసారి దొడ్లోకొచ్చి చూడండి.

— బి.ఏ. తృతీయ సంవత్సరం విద్యార్థిని, పాలకొల్లు